వాల్వుల ఎంపిక – పాటకు తొలి వాకిలి

వాల్వు రేడియోలు గల యిండ్లలో సాయంకాలపు వార్తలకు ముందు ఒక నిమిషము నిరీక్షణ తప్పకుండెడిది. మీట త్రిప్పిన వెంటనే మాట వినబడదు. పెట్టె వెనుక ఎఱ్ఱని వెలుగు కనబడవలెను. వేడెక్కిన దుమ్ము వాసన రావలెను. ముందువైపు పచ్చని కన్ను మెల్లగా తెఱచుకొనవలెను. ఆ పిమ్మటనే స్టేషను పలుకును. ఆ నిమిషమంతయు వేడెక్కుచుండిన గాజుబుడ్లనే మనము వాల్వులంటిమి. అమెరికావారు వానినే ట్యూబులనిరి. ఈ వాల్వులలో ఒకటి పాతబడినపుడు, లేక దానికంటె మేలైనదానిని పెట్టి పాటను బాగుచేసికొనవలెనను కోరిక పుట్టినపుడు, దేనిని ఎన్నుకొనవలెను? చూచుటకు ఇది అంగడిలో తీరు ప్రశ్న వలె కనబడును. మేము దీనికి సమాధానము వెదకుచు వాల్వు చరిత్రనంతయు ఒకసారి తిరిగి రావలసి వచ్చినది.

రాజంపేటలోని మా యింట 1960ల నాటి ప్రీఆంప్లిఫయరు ఒకటి కలదు. మా నాయనగారు మద్రాసు నుండి విడిభాగములు తెప్పించి, రేకుపెట్టెలో తామే అమర్చినది. అందు మూడు వాల్వులున్నవి. గ్రామఫోను పికప్ నుండి వచ్చు సన్నని విద్యుత్తును అది పెంచి, మంద్ర తార స్వరములను సరిదిద్ది, పెద్ద ఆంప్లిఫయరునకు అందించును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము మేము రికార్డు పెట్టి వినుచుండగా మా అమ్మ, "ఏంది నాయనా, పాటెనకాల చింతచెట్టుకు గాలి కొట్టినట్ల వినపడతాండాది?" అని అడిగెను. శ్రద్ధగా వినగా ఆమె చెప్పినది నిజమే. పాట వెనుక ఎడతెగని సొద యొకటి యుండెను. నడుమ నడుమ చిటపట యనుచు మఱియొక చప్పుడు గూడ వచ్చుచుండెను. ఇక దీనిని పాతసామానుల బండికి వేయుడని యింటిలోని చిన్నవారు కొందఱు అప్పటికే నిశ్చయించి యుండిరి. పెట్టె నిలుచునో పోవునో మా ప్రయత్నము మీద ఆధారపడెను.

వాల్వు పుట్టుక దీపములోనే యున్నది. 1880లలో అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ తాను చేసిన విద్యుద్దీపముల గాజుబుడ్లు లోపలివైపు నల్లబడుటను గమనించెను. అతడు దీపపు తీగ చెంత ఒక లోహపు రేకును అమర్చి, దానిని ధనధ్రువమునకు కలిపి చూచెను. నడుమ ఏ తీగయు లేకున్నను, వేడి తీగ నుండి చల్లని రేకునకు శూన్యములోనే విద్యుత్తు ప్రవహించెను. 1884లో దీనికి పేటెంటు లభించినది గాని, దాని వలన గొప్ప ప్రయోజనమేదియు అప్పటికి కలుగలేదు. ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట, 1904లో, ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ఆ వింతకు ఒక పని కల్పించెను. ఆ బుడ్డిలో విద్యుత్తు ఒక దిక్కుననే పోవును, తిరిగి రాజాలదు. నీటిగొట్టములోని కవాటము వలె నుండుటచే దానికి వాల్వు అను పేరు వచ్చినది.

ఆ వాల్వు విద్యుత్తును ఒక దారిని పెట్టగలిగెనే గాని పెంచలేకపోయెను. పెంచు శక్తి 1906-07 ప్రాంతమున అమెరికాలో లీ డిఫారెస్టు చేత వచ్చినది. ఆయన వేడి తీగకును రేకునకును నడుమ జాలి వంటి మూడవ భాగమును, అనగా గ్రిడ్డును, చేర్చెను. చెఱువు తూము తలుపును ఒక మనుష్యుడు కొంచెము ఎత్తి దించుట చేతనే పెద్ద కాలువలోని నీరు హెచ్చి తగ్గినట్లు, గ్రిడ్డు మీదికి వచ్చు స్వల్పమైన విద్యుత్తు ప్లేటునకు పోవు పెద్ద ప్రవాహమును శాసించును. ఇంతకుమించి రహస్యము లేదు. రేడియో గాని, గ్రామఫోను ఆంప్లిఫయరు గాని, తిరునాళ్లలోని మైకు గాని, అన్నియు ఈ తూము మీదనే నడచినవి.

మన ప్రాంతమునకు ఈ విద్య మద్రాసు మీదుగా వచ్చినది. కడప జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బువారు చిన్న ట్రాన్స్‌మిటరుతో ప్రసారములు ఆరంభించిరి. 1927లో ధనము చాలక అవి ఆగిపోగా, ఆ యంత్రముతోనే 1930లో మద్రాసు కార్పొరేషను తిరిగి ప్రసారములు మొదలిడెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము తెఱవబడినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వచ్చినవి. కడప కేంద్రము రాకమునుపు రాజంపేటలోని శ్రోతలు మద్రాసు కొఱకును, విజయవాడ కొఱకును మిద్దెల మీద ఎత్తుగా ఏరియల్ తీగలు కట్టుకొనెడివారు.

ఇచ్చట ఒక విషయము గుర్తింపవలెను. దూరపు మీడియంవేవ్ స్టేషను బలహీనముగా వినబడునపుడు రేడియోలోని వాల్వును మార్చిన తఱచుగా లాభముండదు. మెఱుపుల వలనను, కరెంటు తీగల వలనను ఆకాశములో కలిగెడి చప్పుడు ఏరియల్‌తోనే లోనికి వచ్చును. అది వాల్వు చేయు చప్పుడు కంటె ఎన్నో రెట్లు పెద్దది. అచ్చట మంచి ఏరియలు, మంచి ఎర్తు ముఖ్యములు. గ్రామఫోను ప్రీఆంప్లిఫయరు సంగతి వేఱు. పికప్‌కు ఆకాశముతో పని లేదు. అది మోసికొని వచ్చు చప్పుడు చాల స్వల్పము. కావున అచ్చట వాల్వు చేయు సొద దాగుటకు చోటుండదు. వాల్వుల ఎంపిక గుఱించిన చర్చ రేడియోకంటె ప్రీఆంప్లిఫయరు విషయముననే ఎక్కువగా పెరుగుటకు కారణమిదే.

ఆ చర్చకు రంగము సిద్ధమైన సంవత్సరము 1947. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆ యేటనే ఇంగ్లండులో డి. టి. ఎన్. విలియమ్సన్ తన ప్రసిద్ధమైన ఆంప్లిఫయరు నిర్మాణమును 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటించెను. ఆ యేటి సెప్టెంబరులో అమెరికాలో ఆర్. సి. ఎ. కంపెనీవారు 12 ఎ.ఎక్స్. 7 అను వాల్వును విడుదల చేసిరి. డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. వాల్వులలో మిక్కిలి ప్రసిద్ధమైనదియు, వాల్వులను ఇండ్ల నుండి పంపివేసినదియు నాలుగు మాసముల యెడములో పుట్టుట చరిత్రలోని వింత. 1948లో లాంగ్‌ప్లే రికార్డు, 1952లో పీటర్ బాక్సండాల్ కనిపెట్టిన టోన్ కంట్రోలు, 1958 నాటికి స్టీరియో రికార్డు వచ్చినవి. హై-ఫై, అనగా మూలమునకు విధేయమైన ధ్వని, అను మాట అప్పుడు ఇంటింటి మాట యయ్యెను.

12 ఎ.ఎక్స్. 7ను యూరపులో ఇ.సి.సి. 83 అనిరి. ఈ పేర్లు గారడి మంత్రముల వలె తోచును గాని వానిలో అర్థమున్నది. యూరపు పద్ధతిలో 'ఇ' యనగా 6.3 వోల్టుల హీటరు. 'సి' యనగా కేథోడు, గ్రిడ్డు, ప్లేటు గల ట్రయోడు. రెండు 'సి'లున్నచో ఒకే బుడ్డిలో రెండు ట్రయోడులు. '8'తో మొదలగు సంఖ్య తొమ్మిది పిన్నుల అడుగును తెలుపును. అమెరికా పేరులోని 12 యను అంకె హీటరు 12.6 వోల్టులకు గూడ కలుపవచ్చునని చెప్పును. దీనికి ఇద్దఱు తోబుట్టువులు కలవు: ఇ.సి.సి. 81, ఇ.సి.సి. 82. మూడింటికిని పిన్నుల వరుస ఒకటే, హీటరు ఒకటే. పెంచు గుణములో మాత్రము భేదమున్నది. 83 సుమారు 100; 81 సుమారు 60; 82 ఇరువదికి లోపు. బయటి రూపము ఒకటగుట వలననే ఒకదాని చోట ఒకటి పెట్టి చూడవలెనను ఆశ పుట్టుచున్నది. పొరపాట్లకు గూడ ఇదియే మూలము.

మన దేశములో అప్పటికి వాల్వులన్నియు దిగుమతి సరకే. పెట్టెల మీద ఫిలిప్స్, మల్లార్డ్, ఆర్. సి. ఎ., టెలిఫుంకెన్ అను పేర్లుండెడివి. 1957 ప్రాంతమున విదేశీమారక ద్రవ్యము కొఱత పడి దిగుమతులు కట్టుదిట్టము కాగా, ఒక చిన్న వాల్వు చెడినను రేడియో మూలపడెడి పరిస్థితి వచ్చినది. 1954లో బెంగుళూరు జాలహళ్లిలో భారత ప్రభుత్వము నెలకొల్పిన భారత్ ఎలెక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ఆరంభించెను. కడప కేంద్రము పలుకుటకు రెండేండ్ల ముందు మాట యిది. ఆ సంస్థను అందఱును 'బెల్' అనుట వాడుక. ట్రాన్సిస్టరును కనిపెట్టిన అమెరికా ప్రయోగశాల పేరు గూడ మన చెవికి అట్లే వినబడును గాని, రెంటికిని సంబంధము లేదు. రాయలసీమ పల్లెలలోని రేడియోలకు మన దేశపు వాల్వు దొరకుట ఆ నాటి నుండియే. మా నాయనగారి పెట్టెలోని వాల్వులును అవియే: మొదటి రెండు సాకెట్లలో ఇ.సి.సి. 83లు, మూడవదానిలో ఇ.సి.సి. 82. విదేశపు పేరు గల వాల్వు దొరకక వీనితో సరిపెట్టుకొనిరేమో యని మేము చాలకాలము తలచితిమి. అట్లు తలచుటయే మా మొదటి పొరపాటు.

సొద యేల కలుగునో ముందు చెప్పవలెను. 1918లో జర్మనీలో వాల్టర్ షాట్కీ ఒక సంగతి తేల్చెను. వాల్వులోని విద్యుత్తు నీటిధార వలె ఎడతెగక పారదు. వడగండ్ల వలె గింజలు గింజలుగా వచ్చి ప్లేటును తాకును. ఆ తాకిడి చప్పుడే సొదలో ఒక పాలు. 1928లో బెల్ ప్రయోగశాలలోని జాన్సన్, నైక్విస్టు అను నిద్దఱు మఱియొక పాలును వివరించిరి: వేడి గల ప్రతి రెసిస్టరులోను విద్యుత్తు తనంతట తాను కదలుచుండును. కావున సొద లేని యంత్రము లోకమున లేదు. దానిని పాటకంటె బాగుగా చిన్నదిగా నుంచుటయే మనము చేయగలిగినది.

ఈ లెక్కలో మొదటి వాల్వునకు గల ప్రాధాన్యము మఱి దేనికిని లేదు. అయస్కాంతపు పికప్ ఇచ్చునది సుమారు 5 మిల్లీవోల్టులు, అనగా వోల్టులో ఇన్నూఱవ వంతు. అది ఆంప్లిఫయరునకు చేరునప్పటికి ఒక వోల్టునకు పెరుగవలెను. చెఱువు తూము వద్దనే నీటిలో బురద కలిసినచో, కాలువ క్రింది పొలములన్నింటికి ఆ బురద పారును. కడపటి మడిలో కలిసిన బురద ఆ మడిని మాత్రమే చెఱచును. అట్లే మొదటి వాల్వు చేసిన సొదను వెనుకనున్న వాల్వులన్నియు పాటతోపాటు పెంచును. రెండవ వాల్వు దగ్గఱకు పాట వచ్చునప్పటికి అది బలపడి యుండును. అచ్చటి సొద దానిముందు తేలిపోవును.

ఈ న్యాయము తెలియక మున్ను మేము చేసిన పని చెప్పెదము. దూరపు నగరములోని ఒక వర్తకుని వద్ద, ప్రసిద్ధమైన యూరపు పేరు ముద్రింపబడిన ఇ.సి.సి. 83 నొకదానిని అధికమైన వెలకు కొంటిమి. పాతదానిని తీసి దీనిని మొదటి సాకెట్టులో పెట్టగనే చిటపట ఆగిపోయెను. పాట తేటపడినట్లు తోచెను. రెండు దినములు మిక్కిలి సంతోషించితిమి. మూడవ దినమున ఇంటికి వచ్చిన వృద్ధుడైన రేడియో మెకానిక్కు ఒకరు అంతయు విని, "పాతది మళ్లీ ఒకసారి పెట్టి చూసినారా, సార్?" అని అడిగిరి. పెట్టి చూచితిమి. చిటపట లేదు! కొత్త వాల్వు పెట్టినపుడు నిజముగా జరిగినది సాకెట్టు రాపిడి. మన సీమ దుమ్ము, ఏండ్ల తరబడి పట్టిన చిలుము పిన్నులకు సాకెట్టునకు నడుమ అడ్డుపడి యుండగా, తీసి పెట్టుటలో అది తొలగినది. ఆ ఫలమును మేము కొత్త వాల్వునకు అంటగట్టితిమి.

ఇక సొద సంగతి. అది రెండు వాల్వులతోను సమానముగనే యుండెను. మెకానిక్కుగారు కొత్త వాల్వు మీది పేరును బొటనవ్రేలితో రుద్దగా రంగు ఊడి వచ్చెను. పాత వాల్వుల మీది పేరు కూడ సులభముగా చెఱుగును గాని, ఫిలిప్స్, మల్లార్డ్ సంస్థల వాల్వులకు గాజు అడుగు భాగమున సన్నని అక్షరములు, అంకెలు చెక్కినట్లుండును. అందు ఒక వరుస ఫ్యాక్టరీని, సంవత్సరమును, నెలను, వారమును తెలుపును. టెలిఫుంకెన్ వాల్వులకు చాలవానికి అడుగున పిన్నుల నడుమ గాజులోనే వజ్రాకారపు గుర్తుండును. మేము కొన్నదానికి ఇట్టివేమియు లేవు. పేరునకు వెల యిచ్చితిమి గాని, ఆ పేరు గూడ నిజము కాకపోయెను.

పిమ్మట ఒక మిత్రుని మాట మీద మొదటి సాకెట్టులో ఇ.సి.సి. 81ను పెట్టితిమి. సొద తగ్గెను. కాని పాటయును తగ్గెను. గొంతును మునుపటి స్థాయికి పెంచగా సొద తిరిగి వచ్చెను. పైగా మృదంగపు ఎడమ మూత బలము సన్నబడెను. కారణమిది: రికార్డు చెక్కునపుడు మంద్రస్వరములను తగ్గించి చెక్కుదురు, ప్రీఆంప్లిఫయరు వానిని తిరిగి పెంచవలెను. మా పెట్టెలో ఆ పని ఫీడ్‌బ్యాక్ పద్ధతిని జరుగును. వాల్వు పెంచు శక్తి తగ్గినచో మొదట నష్టపోవునవి మంద్రస్వరములే. ఇంకొకరు ఇ.సి.సి. 88 మేలని చెప్పిరి. అదియు తొమ్మిది పిన్నుల జంట ట్రయోడే, నెమ్మదియైన వాల్వే. అయినను దాని హీటరునకు 6.3 వోల్టులు మాత్రమే పనికివచ్చును. హమ్ తగ్గుటకై మా నాయనగారు మొదటి వాల్వు హీటరునకు 12.6 వోల్టుల ఏకముఖ విద్యుత్తు నిచ్చియుండిరి. దానిని పెట్టియున్నచో రెట్టింపు వోల్టేజి తగిలి హీటరు క్షణములో మాడిపోయెడిది. పట్టిక చూచి చేయి వెనుకకు తీసికొంటిమి. రష్యాదేశపు 6 ఎన్. 2 పి. అను వాల్వును గూడ కొందఱు 83కు మారుగా చెప్పుదురు. పెంచు గుణము సమానమే గాని, దాని హీటరు పిన్నుల అమరికయు ఇట్లే వేఱు.

చివరకు మెకానిక్కుగారు చెప్పిన పని ఖర్చు లేనిది. రెండవ సాకెట్టులోని ఇ.సి.సి. 83ను మొదటిదానిలోనికి, మొదటిదానిని రెండవదానిలోనికి మార్చుమనిరి. మార్చితిమి. చింతచెట్టు గాలి చాలవఱకు నిలిచిపోయెను. సొద చేసిన వాల్వు రెండవచోట బుద్ధిగా పనిచేసెను. అయితే వేఱొక లోపము బయటపడెను. బల్లను తాకినపుడెల్ల స్పీకరులో గంట మ్రోగినట్లు వినబడసాగెను. వాల్వులోని గ్రిడ్డు తీగలు కొంచెము వదులైనచో బయటి అదురునకు అవి కదలి, వాల్వే మైకు వలె పనిచేయును. దీనినే మైక్రోఫోనిక్ దోషమందురు. రెండవ సాకెట్టులో నున్నంతకాలము అది మాకు తెలియనే లేదు.

ఇంకొక వాల్వు కావలసి వచ్చినది. అప్పుడు మా అమ్మ బీరువా అడుగు నుండి మా నాయనగారి బిస్కెట్ల డబ్బా తీసి యిచ్చెను. అందు రెసిస్టర్లు, కండెన్సర్లు, మూడు వాల్వు అట్టపెట్టెలు ఉండెను. పెట్టెల మీద పెన్సిలుతో ఆయన వ్రాత. ఒకదాని మీద "సొద", ఒకదాని మీద "తట్టితే మోగును", మూడవదాని మీద "ముందు సాకెట్టుకు మాత్రమే" అని యుండెను. మూడును బెంగుళూరు వాల్వులే. మూడవదానిని పెట్టితిమి. మా అమ్మ కొంతసేపు విని, "ఇప్పుడు పాట ఒకటే వినపడతాండాది" అనెను. ఆయన విదేశపు వాల్వు దొరకక సరిపెట్టుకొన్నవారు కారు. ఉన్నవానిని ఒక్కొక్కటిగా పరీక్షించి, ఏది యెక్కడ నిలువదగునో తేల్చి, వ్రాసి పెట్టిన వారు. మేము దూరపు అంగడిలో కొనజూచిన విద్య మా బీరువాలోనే యుండెను.

ఈ యనుభవము నుండి ఇట్టి పెట్టెలు గలవారికి నాలుగు మాటలు చెప్పవచ్చును. మొదటిది, పెట్టె యే వాల్వునకు కట్టబడినదో ఆ జాతినే పెట్టవలెను. పోలిక గలది వేఱు, సమానమైనది వేఱు. రెండవది, కొనుటకు ముందు పిన్నులను, సాకెట్టును శుభ్రము చేసి, ఉన్న వాల్వులను తమలో తాము మార్చి చూడవలెను. మిక్కిలి నెమ్మదియైనది మొదటి సాకెట్టుకు చెందును. స్టీరియో పెట్టెలో ఒకే వాల్వులోని రెండు సగములు కుడి యెడమలను మోయుచున్నచో, ఆ రెండును సమముగా పెంచునట్టిది కావలెను. మూడవది, పోల్చునపుడు రెండు వాల్వులను ఒకే గొంతు స్థాయిలో వినవలెను. పెద్దగా పలుకునది మంచిదని చెవి వెంటనే తీర్పు చెప్పును. అది చెవి యొక్క బలహీనత. వాల్వు వేడెక్కి అరగంట గడచిన పిమ్మటనే తీర్పు చెప్పుట మేలు. నాల్గవది, పాతదానిని తిరిగి పెట్టి వినక కొత్తదానిని మెచ్చుకొనరాదు.

వినుటకు ఏ ధ్వని మంచిదని అడుగవచ్చును. మేళము, తాళము గట్టిగా నున్న పాట లోపములను కప్పివేయును. తంబుర శ్రుతి ఒక్కటియే మ్రోగుచున్న చోటు, వీణ మీటు అణగిపోవు చోటు సొదను బయటపెట్టును. మన భాషయే మంచి పరీక్ష. వార్తలు చదువువారి నోట శ, ష, స యను మూడును వేఱు వేఱుగా వినబడవలెను. ల, ళల భేదము తెలియవలెను. భ, ధ వంటి ఒత్తక్షరములు ఊపిరితో సహా వినబడవలెను. ఇవి సరిగా వినబడిన పెట్టెలో పాట చెడదు.

కంటితో చూడదగినదియు ఒకటి కలదు. వాల్వు లోపల పైభాగమున అద్దము వలె మెఱయు పూత యుండును. లోపల మిగిలిన గాలిని పట్టి యుంచుటకు దానిని అమర్తురు. అది పాలవలె తెల్లబడినచో బుడ్డిలోనికి గాలి చొచ్చినదన్నమాట. ఆ వాల్వు ఇక పనికి రాదు. వాల్వుల ఆయువు మన సీమలో కరెంటు మీద గూడ ఆధారపడును. 6.3 వోల్టుల హీటరునకు వందకు పది పాళ్ల వఱకు హెచ్చుతగ్గులు తాళవచ్చును, అనగా 5.7 నుండి 6.9 వఱకు. వ్యవసాయపు మోటార్లు నడచువేళ ఇంటి కరెంటు 230 నుండి 180 వోల్టులకు జాఱినచో హీటరునకు 5 వోల్టులైనను అందవు. మోటార్లు ఆగినంతనే వోల్టేజి పైకి లేచును. వెలగల వాల్వు కొనుటకంటె ముందు మంచి స్టెబిలైజరు కొనుట వివేకము. 40 డిగ్రీలు దాటు మన యెండకాలములో పెట్టె చుట్టును గాలి ఆడవలెను. ఇంకొక హెచ్చరిక: వాల్వు పెట్టెలలో 250 నుండి 300 వోల్టుల వఱకు ఉండును, మీట ఆర్పిన తరువాత గూడ కండెన్సరులలో అది కొంతసేపు నిలిచియుండును. పని తెలిసినవారే మూత తీయవలెను. వాల్వులను మార్చుట కరెంటు తీసి, చల్లారిన పిదపనే చేయవలెను.

1960ల చివర నుండి ట్రాన్సిస్టరు రేడియోలు మన పల్లెలను నింపినవి. వానికి వేడి లేదు, నిరీక్షణ లేదు, గోడలో ప్లగ్గుతో పని లేదు. యూరపు, అమెరికాలలోని పెద్ద వాల్వు ఫ్యాక్టరీలు 1980ల నాటికి ఒకదాని వెనుక ఒకటి ఆ పని మానుకొన్నవి. నేడు ఇ.సి.సి. 83 జాతి వాల్వులు ముఖ్యముగా రష్యాలోని సరాటోవ్‌లోను, స్లొవేకియాలోను, చైనాలోను తయారగుచున్నవి. 2022లో యుద్ధము వలన రష్యా సరకు కొంతకాలము అనుమానములో పడగా ధరలు పెరిగినవి. పాత వాల్వులు నానాటికి తఱుగుచున్నవి. పేర్లు మార్చి అమ్మువారు పెరుగుచున్నారు. ఇట్టి కాలమున చెవి నమ్మదగిన తీర్పరి కావలెనన్న, దానికి పద్ధతి కావలెను.

మా ఊరికి చేరువనే తాళ్లపాక యున్నది. 1408లో అచ్చట పుట్టిన అన్నమాచార్యుల కీర్తనలు తిరుమల కోవెలలో రాగి రేకుల మీద నిలిచినవి. ఆ రేకులు పాట మాటలను నిలిపినవి. రాగముల పేర్లను నిలిపినవి. ఆ గొంతును, ఆ వరుసను నిలుపలేకపోయినవి. అందుచేతనే ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు వానిలో అనేకమునకు తిరిగి స్వరములు కూర్పవలసి వచ్చినది. గ్రామఫోను రికార్డు రాగిరేకు చేయలేని పనిని చేసెను. పాడినవారి ఊపిరిని గూడ గీతలో నిలిపెను. అయితే ఆ గీత నుండి బయలుదేరిన పాట మన చెవికి చేరవలెనన్న, ముందుగా ఒక చిన్న గాజుబుడ్డి వాకిలి దాటి రావలెను. ఆ వాకిలి నిశ్శబ్దముగా నున్నదా లేదా యని చూచుకొనుటయే వాల్వుల ఎంపిక.

మా నాయనగారి పెట్టె నేటికిని పలుకుచున్నది. డబ్బాలోని అట్టపెట్టెలకు మేమును ఒకదానిని చేర్చితిమి. వెల పెట్టి కొన్న ఆ వాల్వు మీద పెన్సిలుతో "రెండవ సాకెట్టుకు చాలును" అని వ్రాసితిమి. మీ యిండ్లలోను ఇట్టి డబ్బాలు అటకల మీద ఉండవచ్చును. కొత్తవి కొనుటకు మున్ను వానిని ఒకసారి దింపి చూచుడు.